గురువారం చదివే మనిషి

గురువారం పూట ఈ కర్టెన్ వెనక నేను ఉండకూడదు. సోమవారమైతే ఇదే కర్టెన్, మేకుకు వేలాడే ఇదే అద్దం, ఒక కాలు పొట్టిదైన ఇదే స్టూలు అన్నీ నావే. దర్జాగా కూర్చుని టైలరు ఆస్మా చేత టీ పెట్టించుకుని, జాకెట్టుకు హుక్కులు కుట్టేదాకా ఊళ్ళో కబుర్లన్నీ లాగుతాను. గురువారం మాత్రం వాళ్ళది. వాళ్ళంటే పెద్దవీధికి అటువైపు వాళ్ళు, మా ఆయన కోటిబాబు పేరు పెట్టి పలకడానికి కూడా ఇష్టపడని ‘అవతలి పార్టీ’. వాళ్ళ ఆడవాళ్ళు జాకెట్లు కుట్టించుకునే రోజున ఇవతలి పార్టీ మనిషి పెళ్ళాం దర్జీ కొట్లో నక్కి కూర్చుందని పొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు నోళ్ళు లేస్తాయి, తర్వాత కర్రలు లేస్తాయి, ఆ తర్వాత మగాళ్ళందరూ గురజాల కోర్టు వరండాలో కొత్త కేసు నంబరు వేయించుకుని కూర్చుంటారు. ఇంత తెలిసీ ఎందుకొచ్చానంటే ఒక పుస్తకం కోసం. అదీ పిల్లల పుస్తకం. వెనక అట్ట మీద పదమూడేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి అని అచ్చు వేసి ఉంటుంది. నాకు నలభై మూడు. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు, నాకైతే నాలుగో భాగం కావాలి.

బయట ఆస్మా మిషను ఆగి ఆగి నడుస్తోంది. కోపం వస్తే ఆమె పెడలు అలాగే తొక్కుతుంది. పెరటి దారిన నేను లోపలికి దూరినప్పుడు "మంజులక్కా, నువ్వు నా కొట్టు మూయించిందాకా ఊరుకోవు" అంది. "ఒక్క గంట ఉంటా. ఆ పుస్తకం తీసుకుపోయిన మనిషెవరో చూసి, అడిగి తీసుకుని పోతా" అన్నాను. "వస్తే సోమవారం నేనే ఇవ్వనా? ఏం ముంచుకొచ్చింది?" అంది. ఏం ముంచుకొచ్చిందో ఆస్మాకు ఎలా చెప్పను, ఆమె టేపు మీద అంకెలు తప్ప ఏదీ చదవదు. మూడో భాగం చివరి పేజీలో ఆ పిల్లను బావి అంచున నిలబెట్టి, చుట్టూ పట్నమంతా చేరి, ఆ పిల్ల నోరు తెరిచి ఒక్క మాట చెప్పబోతుండగా పుస్తకం అయిపోతే ఎలా ఉంటుందో చదివిన వాళ్ళకే తెలుస్తుంది. ముద్ద నోటిదాకా వచ్చాక చెయ్యి పట్టుకుని ఆపినట్టుంటుంది. నేను ఆ పేజీ చదివినప్పుడు మా మిరప మొదటి కోత కాయే ఇంకా కల్లంలో ఎండుతోంది. ఇప్పుడు కోతలన్నీ అయిపోయి, కాయంతా ఎండి, బస్తాలకు ఎత్తడం కూడా అయిపోవచ్చింది. ఆ పిల్ల ఇంకా బావి అంచునే నిలబడి ఉంది.

ఆ పుస్తకాలు ఆస్మా కూతురివి. నరసరావుపేటలో చదువుకునేటప్పుడు పుస్తకాల ఎగ్జిబిషన్లో కొనుక్కుందట. పెళ్ళి చేసుకుని పోతూ తల్లి కొట్లో వదిలేసి పోయింది. దారం రీళ్ళ అర మీద, చీర ఫాల్స్ కట్టల పక్కన, నాలుగు నీలం అట్టలు. ఒకరోజు కరెంటు పోయి ఆస్మా చేత్తో హుక్కులు కుడుతుంటే, ఏం తోచక మొదటిది తీశాను. ఎక్కడిదో పరాయి దేశపు కథ, తెలుగులోకి తెచ్చారు. నోరు తిరగని పేర్లు. రెండు పేజీలు చూసి పెట్టేద్దామనుకున్నాను. కరెంటు వచ్చి, జాకెట్టు అయిపోయి, ఆస్మా రెండుసార్లు పిలిచినా నేను లేవలేదు. చివరికి జాకెట్టు గుడ్డల మధ్య పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను, దొంగసొత్తు తెచ్చుకున్నట్టు. ఇంట్లో చదువుదామంటే మా ఆయన చూపు ఒకటి ఉంటుంది, అది మాట కంటే ఎక్కువ నవ్వుతుంది. అందుకని కల్లానికి తీసుకుపోయేదాన్ని. టార్పాలిన్ నీడన కూర్చుని, కాయకు కాపలా అని పేరు పెట్టి చదువుకునేదాన్ని. కల్లంలో ఇంకో సుఖం కూడా ఉంది. మిరప ఘాటుకు అక్కడ అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి, కథ చదివి ఏడుస్తున్నావా అని ఎవరూ అడగరు. తోరాన్ అనే కుర్రాడు గోడ దాటిపోయిన రోజున నేను కొంగు తడిసిపోయేలా ఏడిస్తే, పక్క కల్లం కొండమ్మత్త "ఈ ఏడు కాయ మా ఘాటుగా ఉందే మంజులా" అంది.

కథ ఏమిటంటే, పెద్ద వరద వచ్చి లోకమంతా కొట్టుకుపోయాక ఒక్క పట్నం మిగులుతుంది. దాని నడుమ గోడ. గోడకు ఇటు తీపి వాడ, అటు చేదు వాడ. పదిహేనేళ్ళు నిండిన ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ నడిమధ్య బావి దగ్గరికి తీసుకుపోయి దోసెడు నీళ్ళు తాగిస్తారు. తీపిగా ఉన్నాయంటే ఇటు, చేదుగా ఉన్నాయంటే అటు. అంతే, ఇక చచ్చేదాకా అవతలి వాడ మనిషితో మాట్లాడకూడదు, తల్లయినా సరే. ఇల్వా అని మన పిల్ల, వంతు వచ్చి తాగుతుంది. ఏ రుచీ తెలియదు. ఉత్త నీళ్ళు. అందరూ చూస్తున్నారు, భయమేసి తీపి అంటుంది. మూడు భాగాల పాటు ఆ అబద్ధం మోసుకుని తిరుగుతుంది ఆ పిల్ల. అసలు ఆ నీళ్ళలో రుచి ఉందా? మిగతా వాళ్ళకు నిజంగా తెలిసిందా, లేక అందరూ ఈ పిల్లలాగే భయపడి ఏదో ఒకటి అన్నారా? లేకపోతే ఈ పిల్ల నాలుకలోనే లోపమా? గిన్నెలు తోముతూ అదే ఆలోచన, కూలీలకు టీ పోస్తూ అదే ఆలోచన. పప్పు రెండుసార్లు మాడింది. నేను పదో తరగతితో ఆపేసిన మనిషిని, పరీక్షలప్పుడు కూడా ఒక ప్రశ్న నా బుర్రను ఇంతగా తొలవలేదు. ఒకరోజు మంచినీళ్ళు తాగబోతూ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఊళ్ళో బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడతాయి, కాళ్ళు వంగుతాయి. అందుకని వాటర్ ప్లాంటు పెట్టారు. పార్టీలు రెండు కాబట్టి ప్లాంట్లూ రెండు. మా క్యాను మూత ఒక రంగు, వాళ్ళ క్యాను మూత ఒక రంగు. ఆస్మా రెండు చోట్లా ఒక్కో క్యాను కొంటుంది, తప్పదు. నాకు పెట్టే టీ ఏ క్యాను నీళ్ళతో పెడుతుందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నాకు ఎప్పుడూ తెలియలేదు.

చెప్పులు విప్పిన చప్పుడు. ఎవరో వచ్చారు. కర్టెన్‌కు ఇస్త్రీ పెట్టె కాలిన చిల్లు ఒకటి ఉంది, రూపాయి బిళ్ళంత. కన్ను ఆనించాను. అటువైపు వీధి నాగేంద్రమ్మ, చేతిలో ఆకుపచ్చ గుడ్డ. "మెడ బాగా దించమాకు, ఈ వయసులో నాకెందుకు" అంటోంది. పుస్తకం లేదు. ఆమె అయి ఉంటుందని నేనూ అనుకోలేదు. ఆమె వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టాను. గాలంతా మిరప దుమ్ము, ముక్కులో దురద. కొంగు అదిమి పట్టుకుని, ఇల్వా ఒకసారి ధాన్యపు గాదెలో దాక్కున్నప్పుడు తుమ్ము ఎలా ఆపుకుందో గుర్తు చేసుకున్నాను. పై పెదవి మీద వేలితో గట్టిగా నొక్కాలి. నొక్కాను, ఆగింది. చూశావా, పిల్లల పుస్తకమైతే ఏం, పనికొచ్చింది.

గురువారం వైపు ఎవరో ఇవే పుస్తకాలు చదువుతున్నారని నాకు రెండో భాగంలో తెలిసింది. నేను దాన్ని చదివి తిరిగిచ్చి, ఒక చోటు మళ్ళీ చదవాలనిపించి ఇంకోసారి తెచ్చుకుంటే, పేజీ అంచున పెన్సిలుతో రాసి ఉంది. ‘ఈ పిల్లకు తొందర ఎక్కువ’ అని. ఒళ్ళు మండింది. ఎవరమ్మా నువ్వు మా ఇల్వాను అనడానికి? ఆస్మాను అడిగితే చెప్పలేదు. "అటు కొలతలు ఇటు చెప్పను, ఇటు కొలతలు అటు చెప్పను. పుస్తకమూ అంతే" అంది. అందుకే రెండు పార్టీలూ ఆమె దగ్గర కుట్టించుకుంటున్నాయిలే. నేనూ పెన్సిలు తీసి కింద రాశాను, ‘తొందర కాదు, ధైర్యం’ అని. అక్కణ్నుంచి మొదలైంది. తోరాన్ గోడ దాటిపోయిన చోట ఆ మనిషి ‘వీడు మళ్ళీ వస్తాడు’ అని రాస్తే, నేను ‘రాడు’ అని రాశాను. మూడో భాగంలో వాడు నిజంగానే వచ్చాడు. ఆ పేజీ అంచున ‘చెప్పానా’ అని ఒక్క ముక్క. ఆ రాత్రి అది తలుచుకుని నేను పెద్దగా నవ్వితే మా ఆయన మంచం మీంచి లేచి "ఏందే, ఫోన్లో ఏవన్నా వచ్చిందా?" అన్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో నాతో ఇంత సరదాగా వాదించిన మనిషి లేడు, ఆ మనిషి మొహం నేను చూడలేదు. ఒక్క చోట మాత్రం ఏమీ రాయలేదు. ఇల్వా తాత ప్రతి సాయంత్రం గోడ దగ్గరికి పోయి, అవతల ఉన్న తమ్ముడికి కనపడాలని పొడుగాటి కర్రకు దీపం కట్టి పైకెత్తుతాడు. అవతలి నుంచి ఏనాడూ దీపం లేవదు. ఆ పేరా పక్కన గట్టిగా ఒక గీత, గీత చివర పెన్సిలు ముల్లు విరిగిన మచ్చ. నేనూ అక్కడ ఏమీ రాయలేకపోయాను.

ఎవరై ఉంటారు? నా లెక్క తేజస్వి మీద ఉంది. తేజస్వి యల్లమంద మనవరాలు, గురజాలలో డిగ్రీ చదువుతోంది. మూడో భాగంలో గుర్తుకు పెట్టిన బస్సు టికెట్టు ఒకటి దొరికింది నాకు, గురజాల టికెట్టే. ఆ రాత కూడా ఇప్పటి పిల్లల రాతే, గుండ్రంగా, లైను పట్టకుండా, ఒత్తులు కిందికి జారిపోతూ. ఆ పిల్ల అయితే నాకు సంతోషమే, ఎర్రగా సన్నగా ఎప్పుడూ చెవుల్లో వైర్లు పెట్టుకుని పోతుంటుంది. కానీ యల్లమంద మనవరాలు కావడమే కష్టం. అవతలి పార్టీకి యల్లమంద అంటే నడుముకు మొలతాడు లాంటి వాడు. మా ఆయన నెత్తి మీద ఆరు కుట్లు వేయించింది ఆయనేనని కేసు.

నేను కాపురానికి వచ్చిన రోజు ఆయన్ని మొట్టమొదట చూశాను. కాలవ కట్ట మీద మా పెళ్ళి ట్రాక్టరు బురదలో దిగబడితే, తన ఎద్దుల్ని కట్టి పైకి లాగింది ఆయనే. లాగి, చెమట తుడుచుకుంటూ, "కోటిగా, కోడల్ని మంచి బరువైందాన్నే తెచ్చావురా" అన్నాడు. నేను పెళ్ళికూతుర్నని కూడా మరిచి ఫక్కున నవ్వాను. అప్పట్నుంచి మావయ్యా అనే పిలిచేదాన్ని. మా ఇంటి నాపరాళ్ళ ప్రహరీ మీద మోచేతులు ఆనించి, చద్దన్నంలోకి గోంగూర పచ్చడి ఉందా కోడలా అని అడిగే మనిషి. తర్వాత పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. లెక్కింపు రోజు సాయంత్రం స్కూలు ముందు రాళ్ళు లేచాయి. మా ఆయన నెత్తి పగిలింది, వాళ్ళ గడ్డివామి తగలబడింది. రాయి వేసింది యల్లమందేనని అందరూ అన్నారు. నువ్వు చూశావా అంటే, ఫలానా వాడు చూశాడన్నాడు అనేవాళ్ళే. వామికి నిప్పు పెట్టింది మా ఆయనేనని వాళ్ళన్నారు. ఆ వేళకు మా ఆయన మాచర్ల ఆసుపత్రిలో నా ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాడని నాకు తెలుసు కాబట్టి అది అబద్ధమని తెలుసు. రాయి సంగతి తెలియదు. తెలియదు అని పైకి అనకూడదు, ఇంట్లో కూడా అనకూడదు. అప్పట్నుంచి టీ కొట్లు రెండు, క్షౌరం కొట్లు రెండు, ప్లాంట్లు రెండు అయ్యాయి. లేడీస్ టైలరు మాత్రం ఊరికి ఒక్కతే. ఆమెను చీల్చడం కుదరక రోజుల్ని చీల్చుకున్నారు. తప్పనిసరై రెండు పార్టీల వాళ్ళు ఒక మాట అనుకోవాల్సి వస్తే మూడో మనిషికి చెప్తున్నట్టు అంటారు. బస్సులో నా కొంగు నాగేంద్రమ్మ సంచికి చిక్కుకుంటే ఆమె కండక్టరుతో అంది, "బాబూ, ఆమెని కొంగు తీసుకోమను" అని. నేను కండక్టరుతోనే అన్నాను, తీసుకున్నానని చెప్పమని. కండక్టరు గుంటూరు వాడు, ఇద్దరికీ పిచ్చి అనుకుని ఉంటాడు.

ఈరోజే రావడానికి కారణం ఉంది. గురువారంతో పాటు ఇవాళ కోర్టు వాయిదా కూడా. రెండు పార్టీల మగాళ్ళూ పొద్దున్నే గురజాల పోయారు, సాయంత్రం దాకా రారు. మా ఆయన టిప్పరుకు రాళ్ళ లోడు మాన్పించి, దాని మీదే పోయాడు. వాయిదా అంటే ఆయనకు ఈమధ్య నిద్ర ఉండటం లేదు. కారణం యల్లమంద. ఇదివరకటి వాయిదాలప్పుడు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని చెప్పాడు. "ఎవురితో మాట్లాడడే. వరండా చివర గోడకానుకుని, ఖాకీ కాయితం అట్టేసి ఎర్ర నాడా కట్టిన కేసు కట్ట ముందేసుకుని, పొద్దుగూకులూ చదువుతున్నాడు. పెదాలు కదుపుతా చదువుతున్నాడు. మజ్జలో నవ్వుకుంటున్నాడు గూడా! ఏదో పాయింటు పట్టాడు ముసిలోడు. మన లాయరు కూడా ఆ కట్ట వంకే చూస్తున్నాడు." ఆ నవ్వు మా ఆయన్ని తినేస్తోంది. నరసరావుపేట పోయి ఇంకో పెద్ద లాయర్ని మాట్లాడుకొచ్చాడు. ఆ లాయరు, అవతలి వాళ్ళ పాయింటేమిటో తెలిస్తే గానీ నేనేం చెప్పలేనన్నాడట. అర్ధరాత్రి లేచి కూర్చుని "ఏం చదువుతున్నాడే వాడు?" అంటాడు. పాపం అనిపిస్తుంది. నేనేమో బావి అంచున పిల్ల ఏం చెప్పిందోనని మేలుకుని ఉంటాను. ఒకే మంచం మీద ఇద్దరికీ చెరో ప్రశ్న.

మిషను ఆగిపోయింది. ఈసారి చెప్పుల చప్పుడు వేరు, కిర్రుమంటూ బరువుగా, నిదానంగా. తేజస్వి అలా నడవదు. చిల్లుకు కన్ను ఆనించాను. ముందు తెల్లటి పంచె అంచు కనపడింది, తర్వాత చంకలో ఇరికించుకున్న కట్ట. ఖాకీ కాగితం అట్ట. ఎర్ర నాడా. యల్లమంద. కోర్టులో ఉండాల్సిన మనిషి ఇక్కడెందుకున్నాడు, ఆ కట్టతో లేడీస్ టైలరు దగ్గరేం పని? నన్ను ఎవరో చూశారు, చెప్పారు, ఆయన ఆ కాగితాలు పట్టుకుని సాక్ష్యానికి వచ్చాడు, ఇంకేముంది. పెరటి తలుపు నాకు మూడడుగుల్లో ఉంది. స్టూలు కదిపితే చప్పుడవుతుంది. అసలే దానికి కాలు పొట్టి.

"ఏంది బాబాయ్, అప్పుడే వచ్చావు?" ఆస్మా గొంతు మామూలుగా లేదు.

"జడ్జిగారు సెలవంట. మజ్జాన్నానికి చెప్పారు. వాయిదా పడింది, అందరూ వస్తన్నారు ఎనక." ఆయన గుమ్మం పక్క బల్ల మీద కూలబడ్డాడు. ముసలివాడైపోయాడు. దగ్గరగా చూడక ఎన్నాళ్ళయిందో, మీసం పూర్తిగా నెరిసింది, కళ్ళకు లావాటి అద్దాలొచ్చాయి. అందరూ వస్తున్నారంటే మా ఆయనా వస్తున్నాడు. ఇప్పుడే పోవాలి నేను. కన్ను చిల్లును వదలడం లేదు, ఎందుకంటే ఆయన ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని, ముడి విప్పుతున్నాడు. ఎర్ర నాడాను వేలికి చుట్టి పక్కన పెట్టాడు. ఖాకీ కాగితం మడత తీశాడు. నీలం అట్ట.

నా చెయ్యి దానంతట అదే నోటి మీదికి వెళ్ళింది. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో నాకే తెలియలేదు. పెదాలు కదుపుతా చదువుతున్నాడు. మజ్జలో నవ్వుకుంటున్నాడు. మా ఇంట్లో నిద్ర లేకుండా చేసిన పాయింటు, నరసరావుపేట పెద్ద లాయరుకు అంతుపట్టని పాయింటు, ఇల్వా! ఈ పిల్లకు తొందర ఎక్కువన్నది ఈయన, వీడు మళ్ళీ వస్తాడన్నది ఈయన, ‘చెప్పానా’ అని నన్ను నవ్వించింది ఈయన. ఆ జారిపోయే ఒత్తులు ఇప్పటి పిల్లల రాత కాదు, ఎప్పుడో అయిదో తరగతితో బడి ఆపేసిన చెయ్యి. దీపం పేరా పక్కన పెన్సిలు విరిచిందీ ఈ చెయ్యే. మనవరాలు కాదు, తాత. ఆడపిల్ల చదివే పుస్తకమని తేజస్వి మీద వేశాను గానీ, నలభై మూడేళ్ళదాన్ని నేను చదవగా లేనిది అరవై దాటిన ఆయన చదివితే ఏం?

"ఆలస్యమైంది, ఏమనుకోమాకు ఆస్మా" అంటున్నాడు. "ఇంటికాడ చదవలేను, నవ్వుతారు. కోర్టులో అయితే కేసు కాయితాలనుకుంటారు గదా. ఈమజ్జ మూడు వాయిదాలు వరసగా కోర్టుకి పోకముందే ఎగిరిపొయినయ్యి, చదవటం ఎట్టా అవుద్ది? ఇయ్యాల పొద్దున కూచుంటే అయిపొయింది." అట్టను అరచేత్తో రెండుసార్లు నిమిరాడు. ఆపైన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నాకు తెలుసు ఆ కూర్చోవడం. మూడో భాగం మూసి కల్లంలో నేనూ అలాగే కూర్చున్నాను, చుట్టూ అంత కాయ ఉండి, అంతమంది కూలీలుండి, ఒక్కరికీ చెప్పుకునే వీల్లేక.

"ఎవురికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదే అమ్మాయ్" అన్నాడు. "నువ్వు చదవవు, నీకు చెప్పినా తప్పులేదు. ఇను. ఆ పిల్లని బావికాడ నిలబెట్టారు గదా, ఊరంతా చూస్తన్నారు. అప్పుడా పిల్ల ఏం జేసిందనుకున్నావ్? ఆ నీళ్ళల్లో అసలు..."

"మావయ్యా! చెప్పమాకు!"

కర్టెన్ ఎప్పుడు లాగానో తెలియదు. రింగులు రెండు ఊడి కింద పడ్డాయి. స్టూలు దొర్లింది. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని నేను కొట్టు మధ్యలో నిలబడి ఉన్నాను. ఆస్మా గొలుసు పట్టుకుని దేవుణ్ని తలుచుకుంటోంది. యల్లమంద నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. ఆ మాట ఎవరి ద్వారానూ పోలేదు, గోడకు చెప్పలేదు, కండక్టరుకు చెప్పలేదు. నేరుగా ఆయన మొహాన పడింది. మావయ్యా అని కూడా పడింది.

ఆయన మెల్లగా ఆస్మా వైపు తిరిగాడు. అలవాటు మరి. "ఆస్మా, కోటిబాబు భార్యని అడుగు... సోమవారం పెన్సిలు ఆమెదేనా అని..." సగంలో ఆగాడు. అద్దాలు తీసి పంచెతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నా వైపే చూశాడు. "‘తొందర కాదు, ధైర్యం’ అని రాసింది నువ్వా కోడలా? నేనెవురో స్కూలు టీచరమ్మ అనుకున్నా."

"నేను తేజస్వి అనుకున్నా" అన్నాను. చెవుల మీంచి చేతులు ఇంకా తీయలేదు, ఎందుకైనా మంచిదని.

"దానికెక్కడ తీరుద్ది, ఫోనే సరిపోద్ది." పెదాలు వణికాయి, నవ్వే. "చేతులు తియ్యి. చెప్పన్లే. నీయంతట నువ్వే చదువుకో. కానీ తొందరగా చదువు, నేను ఎక్కువ రోజులు ఆగలేను. సోమవారం వస్తా, మాట్టాడుకుందాం."

"సోమవారం మీది కాదు బాబాయ్" అంది ఆస్మా నీరసంగా.

"ఇయ్యాల ఆమెది గాదు. వచ్చిందిగా" అన్నాడు ఆయన. నీలం అట్టకు ఖాకీ కాగితం మళ్ళీ చుట్టి, నాడా కట్టి, బల్ల మీద పెట్టకుండా నా చేతికే ఇచ్చాడు. "అట్ట తియ్యమాకు, మాసిపోద్ది." ఆయన వేళ్ళకు నశ్యం వాసన, అదే వాసన పేజీలకు కూడా ఉండేది, నేను అది పాత కాగితం వాసన అనుకున్నాను. అడగాలని ఒక ప్రశ్న నాలుక చివర ఉంది. స్కూలు ముందు ఆ సాయంత్రం, ఆ రాయి. అడగలేదు. నాలుగో భాగం చదివాక అడుగుతాను. ఆయన చెప్తాడని ఎందుకో అనిపించింది.

పెరటి తలుపు తీసే ఉంది. నేను ముందు గుమ్మం లోంచే దిగాను. ఎండ మండిపోతోంది. వీధి మలుపులో హారన్ మోగింది, మా టిప్పరు బొంగురు హారన్ నాకు నిద్రలో కూడా తెలుసు. పరుగెత్తి పోవచ్చు, పుస్తకం కొంగులో చుట్టుకోవచ్చు. ఆ పిల్ల బావి అంచున అంతమంది ముందు నిలబడింది, పరుగెత్తడానికి నాకేం పోయేకాలం. టిప్పరు వచ్చి నా ముందే ఆగింది. మా ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏమే! ఇయ్యాల గురువారం గదా, నువ్విక్కడ..." అని, అంతలో నా చేతిలోది చూశాడు. ఖాకీ అట్ట, ఎర్ర నాడా. ఆయన మొహంలో రంగు మారిపోయింది. నా వెనక గుమ్మంలో నిలబడ్డ యల్లమంద వంక చూశాడు, మళ్ళీ కట్ట వంక చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు, "అది యల్లమంద కట్ట గదే! నీ చేతికెట్టా వచ్చింది? చదివావా? ఏం పాయింటుంది అందులో?"

ఇన్నాళ్ళ నుంచి ఆయనా ఎంతగా తెలుసుకోవాలనుకుంటున్నాడో ఆ కళ్ళలో కనపడింది, నాకు మల్లేనే. నేను బండి అవతలి వైపుకు వెళ్ళి, కేబిన్ మెట్టు ఎక్కి, ఆయన పక్కన కూర్చుని, కట్ట ఒళ్ళో పెట్టుకున్నాను.

"బండి పోనియ్యి, చెప్తా" అన్నాను. "చానా ఉంది. మొదటి భాగం నించి చెప్పాలి."